లొట్టి

పొద్దుగాల ఐదున్నరకు
చండూరు పాలకేంద్రం షటరు లేపేది నేనే.
క్యాన్లు దించుకునేది, గాజుగొట్టం ముంచేది,
వెన్న ఎంతో నీళ్లెన్నో బుక్కుల రాసేది నేనే.
ఎవరి బర్రె ఎన్నడు ఈనిందో
పాల చిక్కదనం చూసి చెప్తా.
నూట నలభై ఇండ్ల పాలు
నా చేతుల మీదికెల్లే పోతయి,
ఒక్క గుక్క నా కడుపుల నిలువది.

నిలువదంటే,
తాగిన గంటకు బొడ్డు చుట్టూ
పట్నం బస్సు స్టార్టయినట్టు గుడగుడ.
ఆనెంక కడుపు బిగిసి డప్పు.
ఆనెంక చెంబు.

హాస్టల్ల ఆరో తరగతి దాక ఏం లేకుండె,
ఏడుల మొదలైంది.
బడి ఎగ్గొట్టే ఏషాలన్నడు వార్డెన్ సారు.
దిష్టి అన్నది అమ్మ,
ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయిల ఏసింది.
ఇల్లంత ఘాటయింది, గుడగుడ పోలే.
మేనత్త సాయమ్మ అన్నది:
"పాలంటే లచ్చిమి.
లచ్చిమే పడనిదానికి ఇంకేం పడ్తదే?"
ఆ మాట పేగులకంటే లోతుకు దిగింది.

పెండ్లయిన రాత్రి సంగతి చెప్తా, నవ్వకుండ్రి.
కుంకుమపువ్వేసిన గ్లాసు,
సగం ఆయన, సగం నేను.
ఎంతదాక సదివినవని ఆయన అడుగుతుంటే
నేను తలుపు గొళ్లెం దిక్కు చూస్తున్న.
మూడుసార్లు బయటికి పోయొచ్చిన.
నాలుగోసారి ఆయనే
టార్చిలైటు పట్టుకొని ముందు నడిచిండు.
మా సంసారం గాడనే మొదలైంది,
పెరట్ల, ఆ గుండ్రటి ఎలుగుల.

పోయిన నెల నాయిన
నల్లగొండ దవాఖానకు తోలుకపోయిండు.
డాక్టరమ్మ చిన్నామె. సూది గుచ్చలే.
ఏం తింటవు, ఎంతసేపటికి నొస్తదని అడిగి
రెండు వారాలు పాలు బందు పెట్టుమన్నది.
రెండు వారాలు నా కడుపు నాకే యాదికి రాలే.

మళ్ల పోతే చెప్పింది:
"పాలల్ల ఒక చక్కెరుంటది,
రెండు గింజల పల్లికాయసోంటిది.
దాన్ని ఒలిచే చెయ్యి సన్నపేగుల ఉంటది.
చంటిపిల్లలకు ఆ చెయ్యి జోరుగ నడుస్తది,
పెద్దయినంక మనోళ్లల్ల చానమందికి మందగిస్తది.
ఒలవని కాయ పెద్దపేగుకు జారుతది.
ఆడ కంటికి ఆనని జీవాలు
మందలు మందలుగ మేస్తుంటయి..."

నాయిన ఆమెను ఆపిండు.
నలభై ఏండ్లు తాళ్లెక్కిన మనిషి,
మోకు రాసి రాసి నడుం బెరడైన మనిషి.
"అంటే అమ్మా,
తెల్లారి దించిన తియ్యటి నీరు
మడ్డి కడగని లొట్టిల పోసి ఎండకు పెడితే,
తీపినంత తిని బుసబుస నురుగు కక్కి
మూతిగుడ్డ ఎగరదంతది సూడు,
గట్లనా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.
"గట్లనే, పెద్దాయనా."

నాయిన నా మొకం దిక్కు చూసిండు.
పొంగే కుండను చూసి ఆయన ఎన్నడూ భయపడలే.
"దిష్టి గాదు, లచ్చిమి అలుగుడు గాదు.
లొట్టి పొంగుతున్నది, గంతే బిడ్డా."

పెరుగు తినొచ్చా అని అడిగిన.
తినుమన్నది. తోడేసిన జీవాలు
నీకంటే ముందుగాల్నే కొంత మేసి పెడ్తయట.
నెయ్యిల ఆ చక్కెర ఉండీ లేనట్టేనట.
"మరి చాయ?" నా తరఫున నాయిన.
"చుక్క పాలతోటి చూడు.
ఎవరి కొలత వాళ్లది."

ఇయ్యాల రాములమ్మ క్యాను తెచ్చింది,
ఎనక మనుమరాలు, ఏడో తరగతి, కడుపు పట్టుకొని.
"గ్లాసెడు పాలు తాగుమంటే సావుకొస్తది దీనికి" అని
నెత్తి మీద ఒక్కటి ఇచ్చింది.
వెన్న ఐదు పాయింట్ ఎనిమిది, రాసిన.
నీళ్లు లేవు, రాసిన.
గొట్టం కడిగి బోర్లించిన.
"కొట్టకు రాములమ్మా," అన్న,
"జర కూసో. నీకు లొట్టి సంగతి చెప్పాలె."
పిల్లకు నా టిఫిన్లకెల్లి
అల్లమేసిన సల్ల పోసిచ్చిన.

నా మొకం దిక్కు అనుమానంగ చూసి
రెండు గుక్కలు తాగింది.
మూడోది తాగుడా వద్దా అని
కడుపును అడుగుతున్నట్టు నిలబడ్డది.